పోచంపల్లి ఎముక, బాబుపేట్ రాయి

చాందా, అంటే చంద్రపూర్, ఎండల సంగతి ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. పగలు 46, 47 డిగ్రీలు కాస్తాయి. పొద్దు వాలాక వాకిట్లో నీళ్ళు చల్లి నులకమంచం వాల్చుకుంటే తప్ప మనిషికి మాట పెగలదు. బాబుపేట్‌లో మా వాడంతా అలా పొద్దు వాలాకే తెలుగు మాట్లాడుతుంది. పగలు బజారులో మరాఠీ, బొగ్గు బాయి మీద హిందీ, ఇంటికొస్తే కరీంనగర్, మంచిర్యాల, సిరోంచా యాసలు. ఆ రోజు మా పక్కింటి పెద్దాయన వాకిట్లో జరిగిన వాదనను నేను మొదటి మాట నుంచి విన్నాను. ఆయన లాల్‌పేట్ దిక్కు బొగ్గు బాయిలో 34 ఏళ్ళు పనిచేసి దిగిపోయిన మనిషి. ఎదురుగా కూర్చున్నది ఆయన మేనకోడలు, కరీంనగర్ జిల్లాలో సర్కారు బడి పంతులమ్మ, సాంఘికశాస్త్రం చెబుతుంది. సెలవులకు ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని వచ్చింది. చేతిలో మడత పెట్టిన కాగితం ఒకటి ఉంది.

మేనకోడలు: మామా, ఈ కాగితం చూడు. పది రోజులు. మన వాడ పక్కనుంచి పోయే ఈ పట్టాలే పట్టుకొని పైకి పోతె సేవాగ్రాం, నాగ్‌పూర్, భోపాల్. కిందికి పోతె కాజీపేట మీదికెళ్ళి హైదరాబాద్. ఇంకా కిందికి బెజవాడ, మద్రాస్. ఇన్ని మ్యూజియాలు ఒక్క రైలు దారిల పడ్డ ఊరు మనది. పిల్లలకు చూపిస్త. నువ్వు కూడ రావాలె.

మామ: రైలెక్కమంటె ఎక్కుత. దిగినంక చూసేదేంది బిడ్డా? విరిగిన రాళ్ళు, తుప్పు పట్టిన కత్తులు, అద్దాల పెట్టెలల్ల సచ్చిన పిట్టలు. వాటికి టికెటు. బతికున్న ఊరు బయట ఉండంగ లోపలికి పోయి సచ్చిన ఊళ్ళను చూసుడెందుకు?

మేనకోడలు: నువ్వు ఎన్నడన్న పోయినవా?

మామ: పోయిన. చిన్నప్పుడు మా నాయిన నాగ్‌పూర్ అజబ్ బంగ్లాకు తీస్కపోయిండు. అది బాగనే యాదికున్నది, నాయిన చెయ్యి పట్టుకొని తిరిగిన గనక. పెద్దయినంక ఇంకొక పెద్ద మ్యూజియానికి పోయిన. ఏ ఊరో చెప్పను, వాళ్ళను ఆడిపోసుకునుడు నాకిష్టం లేదు. ఒక రాతిబొమ్మ నచ్చింది. చెయ్యి ఇట్ల వంచి దీపం పట్టుకున్నది. ఉలి ఏ దిక్కునుంచి పడ్డదా అని చూస్తున్న. నేను జీవితమంత బొగ్గు కొట్టినోణ్ణి గద, రాయికి పొర ఏ దిక్కుకున్నదో నా కన్ను దాన్నే వెతుకుతది. రెండు నిమిషాలు కాలేదు, చలో చలో అన్నడు కాపలాయన. కింద పలక మీద ఇంగ్లీషుల రెండు ముక్కలు. ఏ ఊరి రాయో, ఏ వాన తడిసిందో ఏం తెల్వలె. బయటికొచ్చి చెట్టుకింద కూసున్న. మా నాయిన పోయిన దినం కూడ గంత ఒంటరిగ లేను.

(ఈ మాట ఆయన చెబుతున్నప్పుడు గొంతు కొద్దిగా వణికింది. ముప్పై ఏళ్ళ కింది ముచ్చట అది. మ్యూజియాలు నడిపేవాళ్ళు వినాల్సిన మాట.)

మేనకోడలు: అది కాపలాయన తప్పు, పలక రాసినోళ్ళ తప్పు. రాయి ఏం చేసింది?

మామ: రాయిని దాని జాగ నుంచి లేపిన్రు. అదే తప్పు. అమరావతి రాళ్ళ సంగతి నువ్వే చెప్పినవు పోయినసారి. కృష్ణ ఒడ్డున స్తూపం చుట్టు మనుషులు ప్రదక్షిణం చేసుకుంట చూసే బొమ్మలవి. నడుస్తుంటె కథ కూడ నడుస్తది. వాటిని ఊడబెరికి కొన్ని మద్రాసుల, కొన్ని లండన్ల పెట్టిన్రు. ఇప్పుడు బొమ్మలు నిలబడ్డయి, మనం కూడ నిలబడి చూడాలె. చుట్టు తిరుగుడు పోయింది గద.

మేనకోడలు: ఊడబెరికింది నిజమే. కానీ అంతకు ముందు ఏమైతున్నదో కూడ చెప్పిన. 1797ల మెకంజీ అనే తెల్లదొర పోయి చూసేటాళ్ళకే దిబ్బ తవ్వి రాళ్ళు తీస్తున్నరు. కొత్త ఊరు కడుతున్న కాలం. స్తూపం రాళ్ళు ఇళ్ళ గోడలకు, గుళ్ళ మెట్లకు పోయినయి, పాలరాయి లాంటి రాయి గనక సున్నం బట్టీలకు కూడ పోయింది. 1845ల ఎలియట్ అనే ఇంకో దొర తవ్వించి మద్రాసుకు పంపిన్రు. అండ్లకెళ్ళి 1859ల కొన్ని ఓడెక్కినయి. లండన్‌కు పోవుడు నాకు కూడ కడుపుల మండుతది మామా. కానీ సున్నమైపోయినదాన్ని ఎవరూ తిరిగి అడగలేరు. లండన్‌ల ఉన్నదాన్ని ఇప్పటికన్న అడగొచ్చు.

ఇక్కడ నేను కలగజేసుకున్నాను. మద్రాసులోని ఎగ్మూరు మ్యూజియం 1851లో మొదలైంది. అక్కడి అమరావతి గదిలో ఒక గుండ్రటి పలక ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. నలగిరి అనే మదపుటేనుగు కథ. ఎడమ పక్క ఏనుగు వీధిలోకి దూసుకొస్తోంది. తొండంతో ఒక మనిషిని పట్టింది, కాళ్ళ కింద ఒకడు పడ్డాడు. మేడ కిటికీల్లోంచి ఆడవాళ్ళు తొంగి చూస్తున్నారు, ఒకామె భయంతో పక్కవాడికి అంటుకుపోయింది. కుడి పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ళ మీద వాలి ఉంది. ఒకే గుండ్రంలో రెండు ఏనుగులు కనిపిస్తాయి, ఉన్నది ఒకటే. కన్ను ఎడమనుంచి కుడికి జరుగుతుంటే ఏనుగు కోపం దిగిపోతుంది. ప్రదక్షిణం పోయిందన్న పెద్దాయన మాట నిజమే. అయినా ఆ శిల్పి ఆ నడకను కొంత రాయిలోనే దాచిపెట్టాడని నాకు అనిపించింది. ఆ మాటే చెప్పాను.

మామ: నువ్వు కూడ దాని దిక్కేనా! సరే. ఏనుగు మంచిదే. మరి ఎగ్మూరుల కంచు నటరాజు? గుళ్ళె ఉన్నప్పుడు ఆయనకు నూనె పెడుదురు, పట్టు కడుదురు, పండుగనాడు భుజాల మీద ఊరు తిప్పుదురు. ఇప్పుడు రాత్రి లైటు ఆర్పేసి తాళం వేస్తరు. దేవుణ్ణి అట్ల వొంటిగ విడిచిపెడతరా?

మేనకోడలు: పూజ పోయిందంటె ఒప్పుకుంట. కానీ పూజల ఉన్నప్పుడు నీకు కనిపించేదేంది? పట్టు, పూలు, మొఖం. ఆ ఎత్తిన కాలు, ఆ నడుము వంపు, వెనుక వీపు, ఇవన్ని పూజారికే తెలుసు. అక్కడ నువ్వు వెనక్కు పోయి చూడొచ్చు. అంటరానోడని గుడి బయట నిలబెట్టినోడు కూడ ఆ వీపు చూడొచ్చు, టికెటు కొంటె చాలు. మా తాతను ఎన్ని గుళ్ళు లోపలికి రానిచ్చినయి మామా?

ఆ మాటకు పెద్దాయన జవాబు చెప్పలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టి తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. వాళ్ళ ఇంటి చరిత్ర నాకు తెలుసు గనక నేనూ ఏమీ అనలేదు. కాసేపు బల్లార్షా వైపు పోయే గూడ్సు చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

మేనకోడలు: నాగార్జునకొండ సంగతి చెప్త విను. ఇక్ష్వాకుల రాజధాని, విజయపురి. సాగర్ డ్యాం కడితె లోయంత మునుగుతదని తెలిసింది. 1954 నుంచి 1960 దాక తవ్విన్రు. వందల ఏండ్ల విహారాలు, స్తూపాలు, ఘాట్లు అన్ని బయటపడ్డయి. కొన్నిటిని ఇటుక ఇటుక లెక్కపెట్టి కొండ మీదికి మోసి మళ్ళ కట్టిన్రు, కొన్నిటిని అనుపు ఒడ్డున కట్టిన్రు. ఆ కొండే ఇప్పుడు దీవి. 1966ల అక్కడ మ్యూజియం తెరిసిన్రు. లాంచీల పోవాలె. జాగ నుంచి లేపొద్దు అంటున్నవు గద, అక్కడ జాగ ఎక్కడున్నది? నీళ్ళ కింద.

మామ: మునిగేదాన్ని లేపుడు వేరె. కొంప అంటుకున్నప్పుడు పసిపిల్లను కిటికీలకెళ్ళి విసిరినా తప్పు కాదు. నేను అడిగేది అంటుకోని కొంపల సంగతి. మా అమ్మ ఊరు సిరోంచా దిక్కు, ప్రాణహిత ఒడ్డు. అప్పుడది మన చాందా జిల్లానే, గడ్చిరోలి 1982ల విడిపోయింది. అక్కడ పోచంపల్లి దగ్గర పెద్ద పెద్ద ఎముకలు దొరికినయి, రాయిలెక్క అయిపోయినయి. మా అమ్మ చెప్పేది, రాక్షసుని బొక్కలు అని. కలకత్తానుంచి వచ్చి తీసుకపోయిన్రు. దాన్ని ఏ నీళ్ళు ముంచుతున్నయి? కోట్ల ఏండ్లు మట్టిల పండుకున్నది, ఇంకో నూరేండ్లు పండుకుంటె ఏమైతుండె?

మేనకోడలు: అది బరాపాసారస్ మామా! ఆ సంగతి నీకు తెలుసా?

మామ: పేరు తెల్వది. ఎముకలు పోయినయని తెలుసు.

ఆమె కళ్ళు వెలిగిపోయాయి. నాకు ఆ క్షణం బాగా గుర్తుంది. అప్పటిదాకా వాదనలో ఉన్న పంతులమ్మ కాస్తా చిన్నపిల్లలా మంచం కోడు మీదికి జరిగి కూర్చుంది.

మేనకోడలు: కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తవ్విన్రు. ఎక్కువ ఎముకలు 1960, 61ల దొరికినయి. 1961 టాగోర్ నూరేండ్ల సంవత్సరం, అందుకని ఆయన పేరు కలిపి బరాపాసారస్ టాగోరి అన్నరు. బరా పా అంటె పెద్ద కాలు. ఒక్క తొడ ఎముకనే 1.7 మీటర్లు, నీకంటె ఎత్తు. దాదాపు 300 ఎముకలు, ఆరింటికి తక్కువ కాని జంతువులవి, అన్ని కలగలిసి పడి ఉన్నయి. వాటిల ఏది ఎవరిదో, ఏ వెన్నుపూస పక్కన ఏది వస్తదో తేల్చుకుంట కూసున్నరు. పేరు పెట్టి ప్రపంచానికి చెప్పేటాళ్ళకు 1975 అయింది. తర్వాత అస్థిపంజరం నిలబెట్టిన్రు. తల మాత్రం దొరకలేదు. మామా, మట్టిలనే ఉంటె అది రాక్షసుని బొక్కగనే ఉంటుండె. మా అమ్మమ్మ కథ నాకు ముద్దే. కానీ మన దిక్కు నేలమీద అంత పెద్ద జంతువు మంద తిరిగిందని కథ చెప్పలేదు, ఆ 300 ఎముకలు చెప్పినయి.

మామ: చెప్పినయి, కలకత్తాల చెప్పినయి! పోచంపల్లి పోరగానికి ఎవరు చెప్పిన్రు? వాని ఊరి నేల కింద దొరికిన దానిపేరు వానికి తెల్వదు. కలకత్తా పోరడు బడి నుంచి పోయి చూసి వస్తడు. ఇదేం న్యాయం?

మేనకోడలు: న్యాయం కాదు. నేను కూడ కాదనే అంటున్న. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంల కోటాసారస్ ఉన్నది, తెలంగాణల యామన్‌పల్లి దగ్గర దొరికింది, దీనికి చుట్టమే. సిరోంచా దగ్గర వడధంల శిలాజాల పార్కు పెట్టిన్రు. మన చంద్రపూర్ జిల్లా వరోరా దిక్కు పిస్‌దురాల డైనోసార్ పెంట కూడ రాయైపోయి దొరుకుతది, దేశదేశాలోళ్ళు వచ్చి చూసి పోతరు. మ్యూజియాలు ఎక్కువైనయని కాదు మామా కొట్లాట. మన దిక్కు తక్కువున్నయని.

మామ: మాట తిప్పుతున్నవు.

మేనకోడలు: తిప్పుతలేను. సరే, నువ్వు చెప్పు. నీకు నచ్చిన మ్యూజియం ఒక్కటన్న ఉన్నదా?

మామ: ఉన్నది. సేవాగ్రాం. దాన్ని మ్యూజియం అంటరో అనరో నాకు తెల్వది. 1936ల ఆ ఊరికి వచ్చినంక గాంధీగారు ఉన్న గుడిసె. మట్టి గోడ, పెంకుల కప్పు. ఆయన కూసున్న చాప అక్కడనే, రాసిన పీట అక్కడనే. పాముల్ని చంపకుండ పట్టి దూరంగ వదిలే పట్టకారు కూడ ఉన్నది. మనిషి ఇప్పుడే లేచి బయటికి పోయినట్టుంటది. అక్కడ నన్నెవరూ చలో అనలేదు, నేనే కదలలేదు. మట్టి మీద కూసుంటె చల్లగున్నది. మా అవ్వ ఇల్లు యాదికొచ్చింది. మ్యూజియమంటె అట్లుండాలె. సామాను ఉన్న జాగలనే ఉండాలె.

నిజం చెప్పాలంటే ఈ విషయంలో నేను పెద్దాయన పక్షమే. సేవాగ్రాంలో గాంధీగారి గుడిసె బాపూ కుటీ ముందు చెప్పులు విడిచినప్పుడు కలిగే భావం ఎంత గొప్ప గ్యాలరీలోనూ కలగదు. కాని అటువంటి అదృష్టం ఎన్ని వస్తువులకు ఉంటుంది? యజమాని పోయాక అక్కడి మనుషులు ఆ చాపను చాపగా వాడకుండా ఆపుకున్నారు గనక అది మిగిలింది. ఆ ఆపుకోవడమే మ్యూజియం పని.

మేనకోడలు: భోపాల్‌కు వస్తె నీకు ఇంకా నచ్చుతది. శ్యామలా హిల్స్ మీద ఇందిరాగాంధీ మానవ సంగ్రహాలయం, 200 ఎకరాలు. అడవి మనుషుల ఇళ్ళు బయట ఆకాశం కింద ఉంటయి. ఆ ఇళ్ళను ఆయా ఊళ్ళనుంచి ఆ మనుషులే వచ్చి, వాళ్ళ కట్టెతో, వాళ్ళ మట్టితో కట్టిన్రు. పక్కన 2013ల ట్రైబల్ మ్యూజియం తెరిసిన్రు. గోండు రాజుల కోట గోడ పక్కన బతుకుతున్నం గద మనం. గోండు బొమ్మ ఎట్లుంటదో మన పిల్లలకు తెల్వాలె.

మామ: జన్‌గఢ్ సింగ్ శ్యామ్ పేరు నేను విన్న. ఇంటి గోడ మీద బొమ్మలేసే గోండు పిలగాడు, ఊరు పాటన్‌గఢ్. గోడమీది బొమ్మను కాగితం మీదికి తెచ్చిన్రు. భోపాల్ తీస్కపోయిన్రు. పెద్ద పేరొచ్చింది. ఆఖరికి ఏమైంది? 2001ల జపాన్‌ల ఒక మ్యూజియం కోసం బొమ్మలేసుకుంట అక్కడనే చచ్చిపోయిండు. నలభై ఏండ్లు దాటని వయసు. ఊరు గోడ విడిచిపెట్టక పోతె బతికుండేటోడు.

మేనకోడలు: ఆ చావు నాకు కూడ బాధనే మామా. దానికి నేను ఎవర్ని వెనకేసుకొని రాను. కానీ అతని వెనుక ఎంతమంది వచ్చిన్రు చూడు. పాటన్‌గఢ్ ఇళ్ళల్ల ఆడోళ్ళు, మొగోళ్ళు, పిల్లలు ఇయ్యాల కుంచె పట్టి బతుకుతున్నరు. చుక్కలు, గీతలు, చేప పొలుసు లెక్క నింపుడు, ఒక్కో ఇంటికి ఒక్కో తీరు. 1982ల భోపాల్‌ల తెరిచిన భారత్ భవన్ కోసం చిత్రకారుడు స్వామినాథన్ మనుషుల్ని ఊళ్ళకు పంపకపోతె ఆ గోడ వానకు కారిపోయి ఉండేది, ఏటేటా కొత్తగ అలుకుతరు గద. ఆ పిలగాని పేరు మనకు తెలిసేది కాదు. నువ్వు ఇయ్యాల పేరు చెప్పి బాధపడుతున్నవంటె కూడ మ్యూజియం వల్లనే.

మామ: బాధపడుడు కూడ మ్యూజియమే నేర్పిందంటవా?

మేనకోడలు: పేరు పెట్టి బాధపడుడు నేర్పింది.

ఇక్కడ వాదన కాస్త తెగింది. లోపలినుంచి జొన్నరొట్టె వాసన వచ్చింది. పిల్లలు ఆకలన్నారు. పెద్దాయన లేచి, రొట్టెలు తిన్నాక ఒక జాగకు పోదాం, కోడలా, నీ మ్యూజియాల కాగితం ఇంట్లో పెట్టు అన్నాడు. వెన్నెల ఉంది. నేనూ వెంట నడిచాను.

బాబుపేట్ పక్కన, లాల్‌పేట్ దగ్గర ఆరుబయట రాతి విగ్రహాలు పడి ఉన్న సంగతి ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. శివలింగం, నంది, గణపతి, హనుమంతుడు, చేప, తాబేలు. అన్నింటికంటే పెద్దది పది తలల దుర్గ. ఏకశిల. వెల్లకిలా పడుకొని ఉంటుంది. నిలబెడితే రెండంతస్తుల ఇంటితో పోటీ పడేది. పది తలలు చూసి జనం దాన్ని రావణుడంటారు. పురావస్తు శాఖ వారి రక్షిత స్థలం అది. పెద్ద మనవడు దాని పక్కన అంగలు వేసి లెక్కపెట్టాడు. తల నుంచి కాళ్ళ దాకా పన్నెండు అంగలు. పాతికడుగుల పైమాటే.

మామ: ఎక్కొద్దు బిడ్డలూ, పక్కన నిలబడి చూడుండ్రి. రాయప్ప కోమటి అని ఒకాయన ఉండె, గోండు రాజుల కాలంల. పేరు వింటెనే తెలుస్తది మన తెలుగోడని. ఎక్కడనుంచో వచ్చి ఇక్కడ వ్యాపారం చేసి పైసలు సంపాదించిండు. శివునికి ఎవ్వరూ కట్టనంత పెద్ద గుడి కడతనన్నడు. గోడలు లేపకముందే దేవుళ్ళను చెక్కించిండు. గుడి లేవకముందే ఆయన పోయిండు. దేవుళ్ళు గిట్లనే ఉండిపోయిన్రు. చూడు కోడలా, టికెటు లేదు, అద్దం లేదు, చలో అనేటోడు లేడు. మా నాయిన నన్ను ఈడికి తెచ్చి చెప్పిండు, నేను నీకు చెప్పిన చిన్నప్పుడు, ఇప్పుడు నీ కొడుకులకు చెప్పిన. ఇదే నా మ్యూజియం. ఇండ్లకెళ్ళి ఏం తక్కువైంది చెప్పు?

ఆమె వెంటనే బదులివ్వలేదు. వంగి, దుర్గ చేతి మీద వేలు పెట్టి మెల్లగా జరిపింది. పగటి ఎండ ఇంకా రాయిలోనే ఉంది, వేడిగా తగిలింది. వెన్నెల పక్కనుంచి పడుతుంటే ఉలి గాట్లు ఒక్కొక్కటి నీడ గీతలా లేచి కనబడ్డాయి. కొన్నిచోట్ల నున్నగా ఉంది, కొన్నిచోట్ల వానలకు అరిగిపోయి ఏది వేలో ఏది ఆయుధమో పోల్చుకోలేం.

అప్పుడే ఒక పిల్లవాడు వచ్చాడు. పదేళ్ళుంటాయి. చేతిలో క్రికెట్ బ్యాటు. మమ్మల్ని చూసి ఆగాడు.

"హా రావణ్ ఆహే నా, కాకా?" అని అడిగాడు.

పెద్దాయన కూర్చొని, వాణ్ణి దగ్గరికి పిలిచి, మరాఠీలో మొదలుపెట్టాడు. రావణుడు కాదురా, దుర్గమ్మ. రాయప్ప అని ఒక షావుకారు ఉండేవాడు. వాడు నోరు తెరుచుకొని విన్నాడు. మధ్యలో, ఇంత రాయిని ఎట్లా తెచ్చారు అని అడిగాడు. గాలికి తెలుసు, నాకు తెల్వదు అన్నాడు పెద్దాయన. వాడు పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి రాయి వైపు చూశాడు.

మేనకోడలు: మామా, నువ్వు అడిగినదానికి జవాబు ఇప్పుడు చెప్త. నీ కొడుకుకు నువ్వు చెప్తవు. మేనకోడలికి చెప్తవు. మనవనికి చెప్తవు. ఎవరికీ మనవడు కాని ఈ పోరనికి ఎవరు చెప్తరు? ఇయ్యాల నువ్వు ఉన్నవు గనక చెప్పినవు. రేపు వీడు మళ్ళ వస్తె? నువ్వు లేని నాడు వస్తె? మ్యూజియమంటె నాకు గదే మామా. చుట్టం కాని పిల్లకు కూడ తాత మాట అందాలె. హైదరాబాద్‌ల సాలార్‌జంగ్ మ్యూజియంకు పోయి చూడు. మూడు తరాల దివాన్లు కొన్న సామాను. మూడో సాలార్‌జంగ్ పెండ్లి చేసుకోలేదు, 1949ల పోయిండు. పిల్లలు లేరు. మనవళ్ళు లేనాయన సామాను దేశం పిల్లలది అయింది. 1951ల నెహ్రూ వచ్చి దివాన్ దేవిడిల తెరిచిండు, 1968ల మూసీ ఒడ్డు బిల్డింగుకు మార్చిన్రు. అండ్ల ముసుగు రెబెక్కా అనే బొమ్మ ఉన్నది, బెంజోనీ అనే ఇటలీ ఆయన చెక్కింది, 1876ల మొదటి సాలార్‌జంగ్ రోమ్‌ల కొన్నడు. ఒక్కటే పాలరాయి. కానీ ముఖం మీద పలచని మేలిముసుగు ఉన్నట్టే ఉంటది, ముసుగు లోపల కనురెప్పలు కూడ కనిపిస్తయి. రాయిల పొర ఎటున్నదో వెతికే నీ కన్ను, దాని ముందర నిలబడితె ఏం చూస్తదో నాకు తెల్సుకోవాలెనని ఉన్నది. నీకోసమే పోదామంటున్న. పిల్లల కోసం అని అబద్ధం చెప్పిన.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. మేలిముసుగు రాయి అన్న మాటకు ఆయన చేతివేళ్ళు కదిలాయి. బాయిలో పైకప్పు బొగ్గు మీద వేలి కణుపుతో కొట్టి, పగులు ఉందో లేదో చప్పుడును బట్టి చెప్పే మనిషి.

మామ: ముసుగు ఎంత పలచగుంటది?

మేనకోడలు: చెప్తె తెల్వదు.

మామ: హూఁ.

తిరిగి వస్తుంటే దారిలో ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. ఓడిపోయిన మనిషి గొంతు కాదది.

మామ: ఒక మాట ఒప్పుకుంట. చెప్పేటోడు కావాలె. కానీ నువ్వు కూడ ఒకటి ఒప్పుకో. చెప్పేటోణ్ణి రాయి కాడికి తేవాలె గానీ, రాయిని చెప్పేటోని కాడికి మోసుకపోవద్దు. మునిగేటప్పుడు, అంటుకునేటప్పుడు తప్ప.

మేనకోడలు: సగం ఒప్పుకుంట. రెబెక్కను రోమ్‌కు తిరిగి పంపుమంటవా?

మామ: ఆమెను కొనుక్కొచ్చిన్రు. కొన్నదానికి, లేపుకపోయినదానికి ఫరక్ లేదా?

మేనకోడలు: ఉన్నది. ఇది రైల్ల మాట్లాడుదాం.

మామ: నేను వస్తనని అన్ననా?

మేనకోడలు: సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు, ఎగ్మూరుకు కూడ శుక్రవారమే. భోపాల్‌ల సోమవారం. వీటిని చూసుకొని తారీఖులు వేసిన. దుప్పటి నువ్వు తెచ్చుకో, ఏసీల నీకు చలి పడదు.

ఇంటికి వచ్చాక నేను సెలవు తీసుకోబోతుంటే పెద్దాయన కాగితం అడిగి తీసుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకొని పై నుంచి కింది దాకా చదివాడు. సేవాగ్రాం దగ్గర ఆగి తల ఊపాడు. ఎగ్మూరు దగ్గర నావైపు చూశాడు. చివరికి మనవడి పెన్సిలు తీసుకొని కింద ఖాళీగా ఉన్నచోట పెద్ద అక్షరాలతో ఒక పేరు రాశాడు. కలకత్తా.

మేనకోడలు: మామా, అది ఈ పట్టాల మీద రాదు. నాగ్‌పూర్‌ల బండి మారాలె.

మామ: మారుదాం. మా అమ్మ ఊరి ఎముక అది. దాని పక్కన పలక మీద పోచంపల్లి పేరు ఉన్నదో లేదో చూడాలె. ఉంటె సరిగ్గ రాసిన్రో లేదో చూడాలె.